తేరిన నీరు

పంజాగుట్ట నిమ్స్‌లోనైనా, అమీర్‌పేట సందులోని చిన్న ల్యాబులోనైనా రక్తకణాలు ఎంత వేగంగా దిగుతాయో కొలిచే ఈఎస్ఆర్ పరీక్షకు రక్తం నింపిన గొట్టాన్ని నిటారుగా నిలబెడతారు. కాస్త ఒరిగినా కణాలు త్వరగా దిగిపోయి లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఈ సంగతిని ఇంగ్లండు వైద్యుడు ఆర్థర్ బాయ్‌కాట్ 1920లో గమనించి రాశాడు. ల్యాబులో లెక్క తప్పించే ఆ వాలే నీటిశుద్ధిలో మనకు మేలు చేస్తోంది.

వరద నీటిలోని సన్నని బురద తనంతట తాను దిగదు. పటిక కలిపి మెల్లగా తిప్పితే రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని దూదిపింజల్లా అవుతాయి. అమ్మమ్మలు కుండలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చింది ఇందుకే. 3 మీటర్ల లోతు తొట్టిలో ఆ పింజ అడుగుకు చేరేదాకా నీళ్లు ఆగాలి. అంత పెద్ద తొట్టికి జాగా కావాలి. అదే తొట్టిలో 5 సెంటీమీటర్ల ఎడంతో, 60 డిగ్రీల వాలులో పలకలు పేరిస్తే పింజ 10 సెంటీమీటర్లు దిగేసరికే కింది పలకను తాకుతుంది. తేట నీరు పలకల నడుమ పైకెక్కుతుంది, మడ్డి పలక వెంట కిందికి జారుతుంది.

అమీర్‌పేట హాస్టళ్లలో ఉన్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. గదిలో మంచం మీద మంచం వేస్తే నేల పెరగదు, పడక పెరుగుతుంది. బురద దిగడానికి కావలసింది లోతు కాదు, పరుచుకునే చోటు అని అమెరికా ఇంజినీరు ఆలెన్ హేజెన్ 1904లోనే లెక్కగట్టాడు. పలకలను మంచాల్లా చదునుగా వేస్తే మడ్డి అక్కడే పేరుకుపోతుంది. అందుకే వాలు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇందులోని నిదానం. పలకలున్నాయి కదా అని నీటిని తొందరపెడితే పింజలు పైకి కొట్టుకొచ్చి, ఆ తర్వాత నీటిని వడగట్టే ఫిల్టర్ బెడ్లను పూడ్చేస్తాయి. పలకలకు పట్టిన నాచును ఎప్పటికప్పుడు కడగాలి. హైదరాబాద్‌లోని బల్కాపూర్ నాలా వెంట ఇళ్లు ఎంత ఒత్తుగా ఉన్నాయో చూసినవారికి, కొద్ది జాగాలో నీటిని తేర్చే ఇలాంటి పద్ధతి విలువ తెలుస్తుంది.

హాస్టల్ పిల్లలు ఒకసారి చేసి చూడాలి. రెండు సన్నని గాజు సీసాల్లో మట్టినీళ్లు, చిటికెడు పటిక. ఒకటి నిలబెట్టి, రెండోది కిటికీకి వాల్చాలి. వాల్చిన సీసాలో పైగోడను ఆనుకుని సన్నని తేటనీటి చార ఒకటి మెల్లగా పైకి పాకుతుంది.