రెండు వందలు సరే, అక్షరాల మాటేమిటి?

క్రిందటి నెలలో ఒక సాయంత్రం నాన్నగారు ఫోను చేసి, ఎన్నడూ లేని బెరుకుతో, "ఒరేయ్, నేనేదో నొక్కకూడనిది నొక్కినట్టున్నాను. వ్రాసినదంతా పాడయింది" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయన నాలుగు రోజులు తటపటాయించారని తరువాత అమ్మ చెప్పింది. ఆ నాలుగు రోజులూ ఆయన ఒక్క ముక్క వ్రాయలేదు.

సంగతి ఇది. నాన్నగారు తన చిన్ననాటి జ్ఞాపకాలను రోజుకొక పుట చొప్పున వ్రాస్తూ ఉంటారు. చేతి వణుకు వలన కలం పట్టలేరు గనుక ఆయన కొరకు నేనే ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్ కట్టాను. తెరవగానే ఖాళీ పుట వస్తుంది. వ్రాసి మీట నొక్కితే సర్వరుకు చేరుతుంది. ‘భద్రపరచబడినది’ అని తెర మీద కనబడుతుంది. పాత పుటలను ఆయన ఆదివారం నాడు తీరికగా చదువుకుంటారు.

ఆ ఫోనుకు పదకొండు రోజుల ముందు నేను సర్వరు మార్చాను. మార్చిన తరువాత యథావిధిగా పరీక్షించాను. ‘టెస్ట్’ అని ఆంగ్లంలో కొట్టి పంపాను, ‘టెస్ట్’ అనే తిరిగి వచ్చింది. సర్వరు 200 అని జవాబిచ్చింది. ఎరుగని వారి కొరకు చెబుతున్నాను, సర్వరు భాషలో 200 అంటే ‘అంతా సవ్యము’ అని అర్థం. తృప్తిగా నిద్రపోయాను.

ఈ టపాలో నేను చెప్పదలచినదంతా ఆ ‘టెస్ట్’ అనే మాటలోనే ఉంది.

నాన్నగారి ఫోను తరువాత మొదట నాకు తోచిన ఆలోచన కూడా సిగ్గుపడవలసినదే. ‘ఆయన ఫోనులో ఫాంటు చెడిందేమో’ అనుకున్నాను. మనలో పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. ఎక్స్‌పీ రోజులలో సీడీ వేసి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, కంప్యూటరును మళ్ళీ మొదలుపెడితే గానీ తెలుగు కుదురుగా కనబడేది కాదు. డబ్బాలు కనబడితే ఫాంటును తిట్టుకోవడం మనకు అప్పుడు పట్టిన అలవాటు. ఆ రోజులు పోయి చాలా కాలమయింది, అలవాటు మాత్రం పోలేదు.

తెరను నమ్మడం మానివేసి, కర్ల్ అనే పరికరంతో సర్వరు పంపుతున్న బైట్లను యథాతథంగా చూశాను. తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ‘అ’ అంటే 224, 176, 133. ‘అమ్మ’ అనే మాటలో అకారం, మకారం, పొల్లు, మరొక మకారం వెరసి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. పాత పుటలలో ఆ బైట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి! అయినా తెర మీద మాత్రం నెత్తిన గీత ఉన్న పరాయి ‘ఏ’లు, డిగ్రీ గుర్తులు, కూడిక-తీసివేత గుర్తులు బారులు తీరి ఉన్నాయి.

కారణం జవాబు లోపల లేదు, జవాబు నెత్తిన ఉండే శీర్షికలో ఉంది. పాత సర్వరు ‘ఇది యూటీఎఫ్-8’ అని చెప్పి పంపేది. కొత్తది ‘ఇది పాఠ్యము’ అని మాత్రమే చెప్పి ఊరుకున్నది. నేను వాడిన వాలీ అనే లైబ్రరీ, ఏ సంకేతమో చెప్పని పాఠ్యాన్ని ఐఎస్ఓ-8859-1గా చదువుతుంది. అది పశ్చిమ ఐరోపా భాషల కొరకు ఏర్పడిన పట్టిక. చెప్పనిచో అదే అనుకోవలెనని 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణంలో ఉండేది. 2014లో ఆ నియమాన్ని తొలగించారు గానీ, దాని నీడ లైబ్రరీలలో మిగిలిపోయింది. అందువలన ‘అ’ అనే ఒక అక్షరం మూడు పరాయి గుర్తులుగా విడిపోయింది.

ఇంతవరకు నష్టమేమీ లేదు. శీర్షిక సరిచేస్తే అక్షరాలు తిరిగి వస్తాయి, వచ్చాయి. నాన్నగారు దిద్దబోయి మళ్ళీ భద్రపరచిన రెండు పుటలలో మాత్రం ఆ పరాయి గుర్తులే తిరిగి యూటీఎఫ్-8గా మారి నిలువయ్యాయి. ‘అమ్మ’ పన్నెండు బైట్ల నుండి ఇరవై నాలుగుకు ఉబ్బింది. అదీ విరుగుడు ఉన్న జబ్బే. వచ్చిన దారిన వెనక్కు నడిపిస్తే దక్కింది.

దక్కనివి వేరే ఉన్నాయి. సర్వరు మార్చినప్పుడు కొత్త పుటల కొరకు మైఎస్‌క్యూఎల్‌లో కొత్త పట్టిక పెట్టాను. దాని అక్షర సంకేతం ఏమిటో చెప్పలేదు. 2018లో 8.0 వచ్చేవరకు మైఎస్‌క్యూఎల్, చెప్పకపోతే లాటిన్-1 అనే అనుకునేది. నాకు దొరికినది ఆ పాత రకమే. ఆ పట్టికలో తెలుగుకు చోటు లేదు. చోటు లేని ప్రతి సంకేతానికీ బదులు ఒక ప్రశ్నార్థకం వేసి, ఒక హెచ్చరికను లోలోపల గొణుక్కొని ఊరుకున్నది. నేను వ్రాసిన సర్వరు ప్రోగ్రాము ఆ హెచ్చరికను వినిపించుకోకుండా 200 అన్నది. యాప్ ‘భద్రపరచబడినది’ అన్నది. ఏడు రోజులు, ఏడు పుటలు.

రిజిస్టరు ఉత్తరం అందినదని రసీదు వచ్చేది. లోపలి కాగితం తడిసిందో లేదో రసీదు చెప్పేది కాదు. 200 అటువంటి రసీదు. దానిని చూసి ‘భద్రపరచబడినది’ అని వ్రాసినవాడిని నేను. ఇక్కడ అబద్ధమాడినది యంత్రం కాదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆంగ్లంలో పరీక్షించినంత కాలం ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. మొదటి 128 సంకేతాలు యూటీఎఫ్-8లోనూ, ఐఎస్ఓ-8859-1లోనూ ఒక్కటే. ‘టెస్ట్’ ఆ రెంటిలోనూ ‘టెస్ట్’గానే తిరిగి వస్తుంది. తెలుగు కొరకు, తెలుగువాడు, తెలుగు తండ్రికి కట్టిన యాప్‌ను ఆంగ్లంలో పరీక్షించడం అలవాటు తప్ప మరేమీ కాదు. నేను ఒక్కడినే అనుకోను. మనలో ప్రోగ్రాములు వ్రాసే వారందరూ తమ చేతివ్రేళ్ళను ఒకసారి అడిగి చూడండి.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. ‘జ్ఞాపకాలు’ అనే మాటను సర్వరుకు పంపి, తిరిగి తెప్పించుకొని, బైటు బైటు పోల్చి చూస్తున్నాను. నాన్నగారి ప్రతి పుటకూ యాప్ కూడా అదే చేస్తుంది. పంపినదీ, వచ్చినదీ ఒకటయితే తప్ప ‘భద్రపరచబడినది’ అనదు. కాకపోతే, ‘మీ తప్పు కాదు, మీ వ్రాత ఫోనులోనే ఉన్నది, కొంతసేపటికి మళ్ళీ ప్రయత్నిస్తాను’ అని తెలుగులో చెబుతుంది. దీనికి ఒక పూట పని పట్టింది.

అంత చిన్నపనికి ఇంత రాద్ధాంతమా అనవచ్చు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపపు ఒక అక్షర కూర్పు ఐఫోనులలో యాపులను కుప్పకూల్చినప్పుడు, చాలామంది దానిని తెలుగు అక్షరం చేసిన నేరంగానే చెప్పుకున్నారు. తప్పు దానిని తెరపై కూర్చలేకపోయిన సాఫ్టువేరుది. ఆ నెలలోనే 11.2.6తో దిద్దుకున్నారు. అక్షరం మీద పడే నింద కడకు దానిని వ్రాసేవారి మీద పడుతుంది. నాన్నగారు ‘నేనేదో నొక్కాను’ అన్నారే గానీ, ‘నీ యాప్ చెడింది’ అనలేదు చూడండి.

పోయిన ఏడు పుటలూ నా వద్ద ఉన్నాయి. ఖాళీలు, కామాలు, చుక్కలు ఆంగ్లంలోనూ ఉన్నవే గనుక నిలిచాయి. మాటల చోట అన్నీ ప్రశ్నార్థకాలే. ఏ మాటకు ఎన్ని సంకేతాలో లెక్క మాత్రం తెలుస్తుంది. మూడవ పుటలో నాలుగు ప్రశ్నార్థకాల మాట పదే పదే వస్తుంది. ‘అమ్మ’ కావచ్చు. నాయనమ్మ పోయిన ఏడాది గురించి వ్రాశానని నాన్నగారు అన్నారు.

మళ్ళీ వ్రాస్తున్నారు. "మొదట వ్రాసినదే బాగుండేది" అని మాత్రం అంటున్నారు.