వైద్యుని మాట: "ఇవ్వము" అన్న ఉత్తరం వస్తే

క్రిందటి నెల చలికాలపు కీళ్ళనొప్పుల గురించి వ్రాశాము. అది చదివిన మిత్రులు కొందరు వేరే ప్రశ్న వేశారు: "నొప్పితో పని మానుకున్నాం. డిసెబిలిటీ పెన్షను అడిగితే ఇవ్వమన్నారు. ఇక అంతేనా?" అంతే కాదని చెప్పడానికే ఈ నెల శీర్షిక.

మనవాళ్ళలో చాలామంది ఆ ఉత్తరం చూసి, "గవర్నమెంటుతో వ్యాజ్యమా!" అని బీరువాలో దాచేస్తారు. కెనడా పెన్షన్ ప్లాను దానధర్మం కాదు. జీతపు చెక్కులో ప్రతిసారీ కోత పడ్డ సొమ్ము. సాధారణంగా గడచిన 6 ఏళ్ళలో 4 ఏళ్ళు చందా కట్టి ఉండాలి. మొత్తం 25 ఏళ్ళయినా కట్టినవారికి 3 చాలు.

చట్టం అడిగేవి రెండు: వైకల్యం తీవ్రంగా ఉండాలి, దీర్ఘకాలం ఉండాలి. తీవ్రమంటే మా వైద్యుల అర్థం కాదు. బ్రతుకుతెరువునిచ్చే ఏ పనీ క్రమం తప్పకుండా చేయలేకపోవడం. మేమేమో "డిస్కు జారింది, షుగరు, నరాల నొప్పి" అని వ్రాసి సంతకం పెడతాము. చూడవలసినది జబ్బు పేరు కాదు, అది సంపాదనను ఆపిందా లేదా అని ఫెడరల్ అప్పీలు కోర్టు 2008లో క్లబూష్ కేసులో చెప్పింది.

వలస వచ్చిన మనబోటివారికి 2001 నాటి విల్లానీ తీర్పు ముఖ్యం. ఆ మనిషి వయస్సు, చదువు, భాష, చేసిన పనులు చూసి, నిజమైన లోకంలో అతడు ఉద్యోగం చేయగలడా అని అడగాలన్నది అదే కోర్టు. ఇరవై ఏళ్ళు గోదాములో బరువులు మోసి, యాభై అయిదో ఏట నడుము పడిపోయి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాడిని "కుర్చీలో కూర్చునే పని చూసుకో" అంటే సరిపోదన్నమాట. అయితే వైద్య సాక్ష్యం మాత్రం తప్పదు. కొంత శక్తి మిగిలి ఉంటే, తేలిక పని ప్రయత్నించి జబ్బు వల్లనే మానవలసి వచ్చిందని చూపాలని 2003లో ఇన్‌క్లిమా తీర్పు.

మెట్లు ఇవి. ఉత్తరం అందిన 90 రోజుల్లో పునఃపరిశీలన కోరాలి. మళ్ళీ కాదంటే 90 రోజుల్లో సోషల్ సెక్యూరిటీ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. 2013లో ఏర్పడిన ఈ ట్రిబ్యునల్‌లో ఫీజు లేదు. దుబాసీని అడగవచ్చు, ఖర్చు వారిదే. దానిలోనే పై అంచెకు అనుమతి కోరవచ్చు. అక్కడా ఓడితే 30 రోజుల్లో ఫెడరల్ అప్పీలు కోర్టు. కాని ఆ న్యాయమూర్తులు సాధారణంగా కొత్త సాక్ష్యం తీసుకోరు. క్రింది నిర్ణయం సబబా కాదా అనే చూస్తారు. కనుక కోర్టులో గెలుపు చాలావరకు మొదటి డాక్టరు ఉత్తరంలోనే ఉంది. వకీలు భారమనిపిస్తే అల్పాదాయులకు సలహా ఇచ్చే కాల్గరీ లీగల్ గైడెన్స్‌ను అడిగి చూడండి.

మా మనవి ఒక్కటే. ఎంతసేపు కూర్చోగలరో, ఎంత బరువు ఎత్తగలరో, నెలలో ఎన్ని రోజులు మంచం దిగలేరో వ్రాయమని మీ డాక్టరును అడగండి. "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నామండీ" అనడం మన మర్యాద. డాక్టరు ఆ మాటే ఫైలులో వ్రాసుకుంటాడు. ఏళ్ళ తరువాత అది మీకే ఎదురు సాక్ష్యమవుతుంది. ఆ గదిలో మర్యాద కాస్త ప్రక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్లు చెప్పండి.