పిట్‌బుల్‌ను తెచ్చేముందు ప్రహరీ చూసుకోండి

తాడేపల్లి: కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నారు పెద్దలు. పిట్‌బుల్ కాటుకు ఆ వైద్యం పారదు.

మిరప కల్లాల కాపలాకు ఒకప్పుడు ఊరకుక్క చాలేది. ఇప్పుడు కుర్రకారు మోజు సీమ కుక్కల మీదకు మళ్ళింది. పిల్లగా ఉన్నప్పుడు ముద్దు. ఏడాది తిరిగేసరికి గొలుసు ఆగదు, ఇరుగుపొరుగుతో తగాదా. చివరకు రాత్రివేళ ఊరి బయట వదిలేస్తారు. ఇలాంటి కుక్కలను జంతు సంరక్షణ కేంద్రాలు చేరదీసి, అడిగినవారికి పెంపకానికి ఇస్తున్నాయి. డబ్బుపెట్టి కొనడం కంటే ఇది మంచి పనే. అయితే ఊరికే వస్తున్నదని తెచ్చుకుంటే ముప్పు తప్పదు.

ఇంగ్లండులో ఎద్దుల మీదకు ఉసిగొల్పే వినోదం కోసం పెంచిన కుక్కల సంతతి ఇది. 1835లో చట్టం ఆ వినోదాన్ని నిషేధించాక కుక్కల పందేలకు పెంచారు. బలం జాతిది, బుద్ధి పెంపకానిది. 2022 జులైలో లక్నోలో ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ దాడిలోనే ఒక వృద్ధురాలు మరణించింది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత పక్షాలను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది. లేఖ పోయినా యజమాని బాధ్యత పోలేదు. అజాగ్రత్త వల్ల పెంపుడు జంతువుతో మనుషుల ప్రాణానికి ముప్పు కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎప్పుడూ కట్టేసి తిప్పకుండా ఉంచడం, దిక్కులేకుండా వదిలేయడం కూడా 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరాలే.

కనుక తెచ్చేముందు ఇంటిల్లిపాదీ కేంద్రానికి వెళ్ళి ఆ కుక్కను రెండు మూడుసార్లు చూడాలి. పాత యజమాని ఎందుకు వదిలేశాడు, పిల్లలతో, మేకలతో, కోళ్ళతో ఎలా ఉంటుంది అని అడగాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా అయినట్లు కాగితం తీసుకోవాలి. రెండు పూటలా తిప్పే తీరిక, బజారులోకి తీసుకెళితే మూతికి చిక్కం ఉండాలి. ముక్కు పొట్టిగా ఉండే బుల్‌డాగ్ అయితే రోహిణి ఎండకు తట్టుకోలేదు. పసిపిల్లలతో ఒంటరిగా ఏ కుక్కనూ వదలరాదు.

ఏ కుక్క కరిచినా గాయానికి కారం అద్దడం, పసరు పూయడం మానాలి. సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

ప్రహరీ లేని ఇంటికి, తీరిక లేని మనిషికి ఈ కుక్క తగదు. కల్లం కాపలాకే అయితే అదే కేంద్రంలో ఊరకుక్క పిల్లలూ ఉంటాయి. ఒకదాన్ని తెచ్చుకుంటే పుణ్యం, కాపలా రెండూ దక్కుతాయి. పశువైద్య శాఖ వారు గ్రామాల్లో కుక్కలకు టీకా శిబిరాలు తరచుగా పెట్టాలి. పెంపుడు కుక్కల లెక్క పంచాయతీల్లో రాయించాలి. కరిచాక కుక్కను తిట్టి లాభం లేదు. తెచ్చినవాడే జవాబు చెప్పాలి.