అన్నిటికీ ఒకటే బోరు?

ఈ నెల మన శీర్షికకు కొంచెం చిక్కు ప్రశ్నే వచ్చింది. కిన్వట్ వైపు భూములున్న మన మిత్రులొకరు అడిగారు: "నాన్నగారు కాలం చేశారు. ఆయన పేర .315 రైఫిలు ఒకటి, 12 బోరు తుపాకి ఒకటి ఉన్నవి. మావాడేమో రెండూ తీసివేసి కొత్తగా 30-06 కొందామంటాడు. అన్ని జంతువులకూ పనికివచ్చే బోరు ఏదో ఒకటి చెప్పండి. ఆ ఒక్కటే ఉంచుకొంటాము."

నేను షికారీని కాను, గుమాస్తాను. అయితే లైసెన్సు అర్జీ వ్రాసిపెట్టమని వచ్చేవారి పుణ్యమా అని ఈ సంగతులు చాలా చదవవలసి వచ్చింది. తెలిసినంతవరకు చెబుతాను.

ముందు బోరంటే ఏమిటో చూద్దాము. రైఫిలు గొట్టం లోపల మరచుట్లుంటాయి. ఆ గొట్టం వెడల్పును అంగుళంలో వెయ్యోవంతులలో చెప్పే లెక్క అది. .315 అంటే ఎనిమిది మిల్లీమీటర్లు. 12 బోరు లెక్క వేరు: ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేటంత గొట్టమన్నమాట.

గుండు బరువును గ్రెయినులలో చెబుతారు. మన ఆడవారికి బాగా తెలిసిన కొలతలోకి మార్చుకొంటే ఇది సులభం. ఒక తులానికి సరిగ్గా 180 గ్రెయినులు. .275 రిగ్బీ రైఫిలు గుండు 140 గ్రెయినులు, అంటే ముప్పాతిక తులం పైన పిసరు. 30-06లో ఎక్కువగా వాడే వేటగుండు 180 గ్రెయినులు, సరిగ్గా తులం. .315 గుండు 244 గ్రెయినులు, అంటే తులమూ పావు దాటింది. .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం గుండు 300 గ్రెయినులు, తులమున్నర దాటింది. అయితే బరువొక్కటే బలం కాదు. వేగం కూడా కలవాలి. 30-06 గుండు .315 గుండు కంటె తేలిక అయినా చాలా వేగంగా పోతుంది. అందుచేత దూరానికి కూడా దాని దారి అంతగా వంగదు.

మరి మనవైపు ఇళ్ళలో ఈ .315 ఇంతగా ఎందుకున్నది? అది మంచిదని ఏరుకొన్నది కాదు. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి పోరాదని బ్రిటిషు ప్రభుత్వం కట్టడి చేసింది. సైన్యం వాడని తూటాకు ఆ అడ్డు లేదు. అందువల్ల బెంగాలులోని ఈశాపూర్ రైఫిలు ఫ్యాక్టరీలో సైనిక రైఫిలు ఒరవడిలోనే .315 బోరుతో వేట రైఫిళ్ళు తయారయ్యాయి. తూటాలు పూణె దగ్గరి ఖడ్కీ కర్మాగారం నుండి వచ్చాయి. రైఫిలూ తూటా రెండూ దేశంలోనే దొరకడంతో ఇది రైతుల తుపాకి అయింది.

ఇక "అన్నిటికీ ఒకటి" అన్న మాట. ఇది పాత షికారీల వాదం. నాందేడు హైదరాబాదు రాష్ట్రంలో ఉండగా, 1956 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోదిగా ఉండగా, ఆ అడవులలో జింక మొదలు పెద్దపులి దాకా వేటకు వచ్చేవి. నైజాం రాజ్యానికి వేటకని వైస్రాయిలే వచ్చేవారు. 1902లో వరంగల్లు వైపు నెకొండ దగ్గర కర్జను ప్రభువు పులిని కొట్టి తీయించుకొన్న ఫోటో నేటికీ పుస్తకాలలో కనిపిస్తుంది. ఆ కాలపు షికారీని ఒకే రైఫిలు చెప్పమంటే చాలామంది 1912లో వచ్చిన .375 పేరు చెప్పేవారు. పులికీ అడవిదున్నకూ అది చాలుతుంది. దుప్పికి అవసరాన్ని మించినదైనా పని జరుగుతుంది. పులినీ దున్ననూ పక్కన పెట్టి దుప్పి, కణుజు, పంది వరకే చూసుకొంటే 30-06 సరిపోతుంది. .315 కూడా నూరు గజాల లోపల వీటికి చాలినదే. దూరం పెరిగినకొద్దీ దాని గుండు దిగజారుతుంది.

అయితే బోరు చిన్నదా పెద్దదా అన్న తగవు కంటె పెద్ద సంగతి ఒకటున్నది. జిమ్ కార్బెట్ రుద్రప్రయాగ చిరుతను 1926లో చంపినది చిన్నదనిపించే .275 తోనే. ఆ రైఫిలు ఆయనకు బహుమానంగా వచ్చింది 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు. ఆ పులి 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్క. చచ్చిన తరువాత నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నవి. పైది సగానికి, క్రిందిది ఎముక దాకా. ఎవరో ఎప్పుడో కాల్చిన తుపాకిదెబ్బ అది. దానివల్ల అడవి జంతువులను పట్టలేక మనుషుల మీద పడిందని కార్బెట్ వ్రాశాడు. కాల్చినవాడు గురి తప్పి ఇంటికి పోయి ఉంటాడు. ఆ తప్పుకు వెల కట్టినవారు అతని మొహం కూడా ఎరుగని పల్లెల ఆడవాళ్ళు, పిల్లలు.

కాబట్టి బోరును ఏరుకోవడంలో అడగవలసిన ప్రశ్న "ఇది ఎంత పెద్ద జంతువును చంపుతుంది?" అన్నది కాదు. "దీనితో నేను ఎంత దూరంలో, ఒక్క దెబ్బతో, తప్పకుండా చంపగలను?" అన్నది. భుజానికి తన్ను తగులుతుందని కన్నుమూసి కాల్చేవాని చేతిలో .375 కంటె, బాగా అలవాటున్నవాని చేతిలో .315 మేలు. గాయపడ్డ పంది జొన్నచేలో దాగితే మరునాడు కొడవలి పట్టుకొని వెళ్ళేది కూలివాళ్ళే గదా!

ఇప్పుడు మన మిత్రుని అసలు ప్రశ్నకు వస్తాను. ఆయన "అన్ని జంతువులూ" అన్నారు. ఆ జాబితాను చట్టం ఎప్పుడో కొట్టివేసింది. 1970లో పులివేట నిలిచింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో మిగిలిన వేట లైసెన్సులకూ తెరపడింది. 2012లో మన పక్కనున్న కవ్వాల్ అడవి పులుల అభయారణ్యమయింది. ఇప్పుడు రైతుకు మిగిలిన దారి 11వ సెక్షను. పంటను పాడుచేసే పందివంటి జంతువును కొట్టడానికి అధికారం గల అటవీ అధికారి వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చును. ఆ కాగితం చేతికి రానిదే తుపాకి ఎత్తరాదు. అలా కొట్టిన జంతువు సర్కారు సొత్తు. మాంసం ఇంటికి తెచ్చుకొందామన్న ఆశ పెట్టుకోవద్దు.

అంటే ఇక మిగిలినది ఒక్క రానడుక్కరు. మన భాషలో అడవిపంది. దానిని కొట్టేది కూడా రాత్రిపూట, చేని గట్టున, ముప్పై నలభై గజాలలో. ఈ పనికి 30-06 ఎందుకు? నాందేడు నేల నల్లరేగడి, బల్లపరుపు. తప్పిన గుండును ఆపడానికి వెనుక గుట్ట ఉండదు. రైఫిలు గుండు మైలు దాటి పోతుంది. అక్కడ తండా ఉండవచ్చును, మోటారు పంపు దగ్గర పడుకొన్న మనిషి ఉండవచ్చును. కాబట్టి అంత దగ్గరి పనికి 12 బోరులో ఒంటిగుండు తూటా చాలును. చిన్న రవ్వలు మాత్రం వద్దు, అవి చంపవు, గాయపరుస్తాయి. రైఫిలే వాడవలసివస్తే ఎత్తైన మంచె మీదనుండి, గుండు నేలలో దిగేటట్లు క్రిందికి కాల్చాలి.

నా సలహా ఇది. అబ్బాయిగారు 30-06 ఆలోచన మానుకోవాలి. ఒక్కటే ఉంచుకోవాలంటే 12 బోరు ఉంచండి. నాన్నగారి జ్ఞాపకంగా .315 కూడా ఉంచుకోవాలనిపిస్తే చట్టం అడ్డురాదు. 2019 సవరణ తరువాత మనిషికి రెండు తుపాకుల వరకు అనుమతి ఉన్నది. అయితే ఆ జ్ఞాపకాన్ని ఏడాదికి నాలుగుసార్లైనా శుభ్రం చేసి, నూనె రాయగల ఓపిక ఉండాలి.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని మరొకటున్నది. లైసెన్సుదారు పోయిన తరువాత తుపాకిని ఇంట్లో బీరువాలో ఉంచి తాళం వేసుకొంటే చాలదు. జాగు చేయక ఠాణాలో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని జమచేసి, రసీదు తీసుకోవాలి. ఆపైన మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారపత్రం జతచేసి కలెక్టరు కచేరీలో అర్జీ ఇవ్వాలి. ఆ అర్జీతో పాటు పంటనష్టం పరిహారానికి అటవీశాఖకు మరొక అర్జీ పెట్టడం మరువకండి. తుపాకి లైసెన్సు వచ్చేలోపల పంది ఆగదు గదా!