వెయ్యి రూపాయల ప్రతిభ

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎదురయ్యే మొదటి పెద్ద పోటీ పరీక్ష ఎన్ఎంఎంఎస్. పూర్తి పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. బడిలో ఎవరూ అంత పొడుగ్గా పలకరు, పొడి అక్షరాలతోనే సరిపెడతారు. కేంద్ర ప్రభుత్వం దీన్ని 2008లో మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతినే ఎంచుకోవడం ఊరికే కాదు. ఉచిత నిర్బంధ విద్య హామీ పధ్నాలుగేళ్ల వయసుతో ముగుస్తుంది. పేదింటి పిల్లల చదువు ఆ మలుపు దగ్గర ఆగిపోకుండా చూడడమే పథకం ఉద్దేశం. దేశం మొత్తానికి ఏటా లక్ష స్కాలర్‌షిప్పులు. ఉమ్మడి రాష్ట్రానికి 7,008 ఉండేవి. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 4,087, తెలంగాణకు 2,921 వచ్చాయి.

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివేవారే అర్హులు. ఇంటి వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. వసతి, భోజనం, చదువు ప్రభుత్వమే చూసే గురుకులాల పిల్లలకు అవకాశం లేదు. కేంద్రీయ, నవోదయ విద్యాలయాలవారికీ లేదు. కనుక పోటీ అంతా ఇంటి నుంచి నడిచో, సైకిలెక్కో బడికొచ్చే పిల్లల మధ్యనే. ఇంత కచ్చితంగా గురి చూసి పెట్టిన విద్యా పథకాలు తక్కువ.

పరీక్షలో రెండు భాగాలు. ఆలోచనా శక్తిని చూసే మ్యాట్ ఒకటి, పాఠాల మీద సాగే శాట్ ఒకటి. ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. శాట్‌లో సైన్సుకు 35, గణితానికి 20, సాంఘిక శాస్త్రానికి 35 ప్రశ్నలు ఉంటాయి. ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలు చదివినవారికి ఇది అందని భాగం కాదు. అసలు వడపోత మ్యాట్‌లో జరుగుతుంది. సంఖ్యల శ్రేణులు, కోడింగ్, అద్దంలో బొమ్మలు, వెన్ చిత్రాలు ఏ పాఠ్యపుస్తకంలోనూ వరుసగా దొరకవు. వాటిని ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. ఒకే మండలంలో ఒక బడి నుంచి ఏటా ఐదారుగురు ఎంపికై, పక్క బడి నుంచి ఒక్కరూ కాకపోవడానికి పిల్లల తెలివిలో తేడా కారణం కాదు. సాయంత్రం బడి విడిచాక ఇంకో గంట ఆగి పాత ప్రశ్నపత్రాలు చేయించే టీచరు మొదటి బడిలో ఉన్నారు, రెండో బడిలో లేరు, అంతే.

ఎంపిక జాబితాలో పేరు చూసుకున్నాక రెండో పరీక్ష మొదలవుతుంది. దీనికి సిలబస్ లేదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి, బడి స్థాయిలో ఒకసారి, జిల్లా స్థాయిలో ఇంకోసారి పరిశీలన జరగాలి. పేరు ఆధార్‌లో ఎలా ఉందో దరఖాస్తులోనూ అలాగే ఉండాలి. తెలుగు పిల్లలకు చిక్కొచ్చేది ఇక్కడే. బడి రిజిస్టరులో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక్కి పోతుంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరంగా మిగులుతుంది. ముగ్గురూ ఒకరేనని ఊరంతటికీ తెలుసు, కంప్యూటరుకు తెలియదు. దాన్ని ఒప్పించడానికి తండ్రి రెండు మూడు రోజుల కూలి మానుకొని ఆధార్ సెంటరుకూ బ్యాంకుకూ తిరగాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు పడకపోతే మంజూరైన డబ్బు కూడా ఖాతాలో చేరదు. పైగా ఇది ఒక్కసారితో తీరే పని కాదు. ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా రెన్యువల్ చేయించుకోవాలి, పదో తరగతిలో 60 శాతం తెచ్చుకోవాలి (ఎస్సీ, ఎస్టీలకు 55), ఆ పైచదువూ ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల్లోనే సాగాలి. పరీక్షకు తయారుచేసినంత శ్రద్ధగా ఈ కాగితాల పనినీ చూసే బడుల్లోనే డబ్బు చివరిదాకా అందుతుంది.

ఆ డబ్బెంత? నెలకు వెయ్యి రూపాయలు, ఏడాదికి 12 వేలు. మొదట్లో నెలకు 500 ఉండేది, 2017 ఏప్రిల్ నుంచి రెట్టింపు చేశారు. ఆ తర్వాత కదలలేదు. ఆ ఏడాది తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 197 రూపాయలు. అంటే వెయ్యి రూపాయలు ఐదు రోజుల కూలికి సమానం. 2025-26లో కూలి 307కు చేరింది, వెయ్యి రూపాయలు మూడు రోజుల కూలికి కాస్త పైన నిలిచాయి. పిల్లవాణ్ని పనికి పంపితే వచ్చేదానికీ బడికి పంపితే వచ్చేదానికీ ఉన్న దూరాన్ని తగ్గించాలన్నది పథకం లెక్క. ఆ లెక్క ఏటా తప్పుతూనే ఉంది. మొత్తాన్ని ఉపాధి కూలితో ముడిపెట్టి పెంచుకుంటూ పోవడం పెద్ద పనేమీ కాదు.

ప్రతిభకు ప్రోత్సాహం అనే మాటకు దేశంలో ఇంకా పాత చరిత్ర ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ 1963లో సైన్స్ ప్రతిభాన్వేషణ పథకాన్ని ఢిల్లీలో పదంటే పది స్కాలర్‌షిప్పులతో మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే దేశమంతటికీ విస్తరించి 350 చేసింది. అప్పటి పద్ధతి ఇప్పటివారికి వింతగా తోస్తుంది. రాతపరీక్షలో వ్యాసం ఉండేది, స్వయంగా చేసిన ప్రాజెక్టు రిపోర్టు తీసుకురావాలి, చివర ఇంటర్వ్యూ. నెగ్గినవారు మౌలిక విజ్ఞాన శాస్త్రాలు చదివితేనే డబ్బు, పీహెచ్‌డీ దాకా. 1976లో పథకం సాంఘిక శాస్త్రాలకూ, ఇంజినీరింగ్, వైద్య విద్యలకూ విస్తరించి ఎన్‌టీఎస్‌ఈ అయింది. ప్రాజెక్టు పోయింది, తర్వాత ఇంటర్వ్యూ కూడా పోయింది, గళ్లు నింపే జవాబుపత్రం మిగిలింది. స్కాలర్‌షిప్పుల సంఖ్య రెండు వేలకు పెరిగింది కానీ పరీక్షించే గుణం మారిపోయింది. పథకానికి ఉన్న అనుమతి 2021 మార్చి 31తో ముగియగా కొత్త ఎంపికలు ఆగిపోయాయి. భారతీయ విజ్ఞాన సంస్థ నడిపిన సైన్స్ ప్రతిభా పరీక్ష కేవీపీవై 1999లో మొదలైంది. సైన్స్ డిగ్రీ చదివేవారికి నెలకు 5,000, పీజీలో 7,000 ఇచ్చేది. 2022లో దాన్ని కేంద్ర ప్రభుత్వ సైన్స్ పథకం ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. రెండేళ్లలో రెండు పెద్ద పరీక్షలు కనుమరుగైనా పెద్దగా ఎవరూ అడగలేదు. జేఈఈ ఒక్క ఏడాది ఆగి ఉంటే ఊరుకునేవారా?

మిగిలిన ఇన్‌స్పైర్ ఉన్నత విద్యా స్కాలర్‌షిప్పుకు వేరే పరీక్ష అక్కర్లేదు. ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతంలో నిలిచి, మౌలిక శాస్త్రాల్లో బీఎస్సీ చేరినవారు దరఖాస్తు చేయవచ్చు. ఏడాదికి 80 వేలు, అందులో 20 వేలు వేసవి పరిశోధనకు. మొత్తం బాగానే ఉంది. అయితే ఇంటర్ మార్కులు ఆకాశానికి ఎగబాకిన తెలుగు రాష్ట్రాల్లో ఆ ఒక శాతం గీత చాలా పైన ఉంటుంది. దాన్ని దాటినవారి ఇళ్లలో బీఎస్సీ మాటెత్తితే చుట్టాలు కూడా వచ్చి నచ్చజెబుతారు.

ఒలింపియాడ్‌ల దారి పూర్తిగా వేరు. భౌతిక, రసాయన, జీవ, ఖగోళ శాస్త్రాలకు, గణితానికి భారత జట్లను తయారుచేసే బాధ్యత ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రానిది. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు భారత్ 1989 నుంచి జట్టును పంపుతోంది. అక్కడ రోజుకు మూడు లెక్కలు, నాలుగున్నర గంటలు. ఎన్ఎంఎంఎస్‌లో ప్రశ్నకు ఒక నిమిషం, ఒలింపియాడ్‌లో లెక్కకు గంటన్నర. మన బడులు మొదటి రకం వేగాన్ని నేర్పినంతగా రెండో రకం ఓపికను నేర్పవు. ఒకే లెక్క ముందు గంటన్నర కూర్చున్న పిల్లవాణ్ని టీచరు మొద్దు అనుకునే ప్రమాదమే ఎక్కువ. ఇక ఒలింపియాడ్ పేరు పెట్టుకొని ప్రైవేటు సంస్థలు రుసుము తీసుకొని రెండో తరగతి నుంచే పెట్టే పరీక్షలకూ, ఈ ఒలింపియాడ్‌లకూ పేరు తప్ప సంబంధం లేదు. వాటి పతకాలు బడి గోడమీది ఫ్లెక్సీకి పనికొస్తాయి.

జవాబు కాకుండా ఆలోచన అడిగే పోటీలు రెండు చెప్పుకోదగ్గవి. ఇన్‌స్పైర్ మానక్‌లో ఒక్కో బడి ఐదు ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైన ప్రతి ఆలోచనకూ నమూనా చేసుకోవడానికి పిల్లల ఖాతాలోనే పది వేలు వేస్తారు. ఆ తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు. పథకం మంచిది, ఆచరణలో మాత్రం ఆలోచన చాలాసార్లు గైడ్ టీచరుది, నమూనా కొట్లో కొన్నది, పిల్లవాడిది కంఠతా పట్టిన వివరణ ఒక్కటే. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993లో మొదలైంది. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు తమ చుట్టూ ఉన్న సమస్యను తీసుకొని, చూసి, కొలిచి, తమ భాషలోనే చెప్పవచ్చన్నది దాని పద్ధతి. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు, ఉద్దానంలో కిడ్నీ జబ్బులు, కొల్లేటిలో చేపల చెరువులు ఉన్న నేలమీద పిల్లలకు ప్రశ్నలు వెతికి ఇవ్వాల్సిన పని లేదు. ఇవి కాక, జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి సైన్స్ సంబరాలు తెలుగు మాధ్యమం పిల్లలు బెరుకు లేకుండా కూర్చునే పోటీ. బడి నుంచి మొదలై మండలం, జిల్లా దాటి రాష్ట్రం దాకా సాగుతుంది. వేదిక తెచ్చే చెకుముకి పత్రిక దానికి తోడు.

చదువుకోవడానికి వనరులు ఇప్పుడు కరువు కావు. ఒక పుటలో ఇంగ్లిష్, ఎదురు పుటలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. సైన్సు మాట ఒక భాషలో అర్థం కాకపోతే కన్ను పక్కకు తిప్పితే చాలు. నిఘంటువు లేని ఇంటికి అంతకంటే మంచి నిఘంటువు లేదు. పాఠాల పక్కన అచ్చయిన క్యూఆర్ కోడ్‌లు 2017లో వచ్చిన దీక్షా ఆన్‌లైన్ వేదికకు తీసుకెళ్తాయి. అయితే చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే, అది తండ్రి జేబులో పొలానికి పోతుంది, చీకటి పడ్డాక తిరిగొస్తుంది. ఒలింపియాడ్‌ల పాత ప్రశ్నపత్రాలను హోమీ భాభా కేంద్రం ఉచితంగా అందిస్తోంది. డిగ్రీకి వచ్చినవారికి ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు 2003 నుంచి పెరుగుతూ వస్తున్నాయి.

కరెంటూ ఫోనూ లేకున్నా పనికొచ్చేవి అరవింద్ గుప్తా బొమ్మలు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో ఇంజినీరుగా ఉన్న ఆయన 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమానికి వెళ్లారు. అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి త్రిభుజాలు, ఘనాలు, చతుర్ముఖులు కట్టే పద్ధతి అక్కడే పుట్టింది. ఆయన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి, ఆయన వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. నాలుగు పుల్లలతో కట్టిన చదరం వేలితో నొక్కితే పక్కకు ఒరుగుతుంది, మూడు పుల్లల త్రిభుజం ఒరగదు. వంతెనల్లోనూ, కరెంటు టవర్లలోనూ అన్ని త్రిభుజాలు ఎందుకుంటాయో ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పడానికి కావలసిన వాల్వు ట్యూబు ఊళ్లో పంక్చర్లు వేసే కొట్లో దొరుకుతుంది.