వేడినంతా ఒకే గాటన కట్టొద్దు

చింతామణి, శిడ్లఘట్ట వైపు ఉన్న మన బంధువుల ఇళ్ళల్లో ఈమధ్య ఒకటే మాట: కట్టెల పొయ్యి తీసేసి హీట్ పంప్ పెట్టుకుందామా అని. పెట్టుకోవచ్చనే మేమూ అంటాం. అయితే ఒక షరతు. ఏ పనికి ఎంత వేడి కావాలో అంతే అందాలి, దేని కంట్రోలు దానికే ఉండాలి.

మన రేష్మె పనే చూడండి. చాకి పురుగులకు గది 27, 28 డిగ్రీలుండాలి, తేమ 85 శాతానికి తగ్గకూడదు. అవే పురుగులు నాలుగో జ్వరం దాటాక 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు, మించితే రోగాలు. గూళ్ళు ఉడికించే నీళ్ళు మరగబోయేంత వేడిగా ఉండాలి. మల్టీ ఎండ్ మెషీన్లో దారం తీసే తొట్టికి 40, 45 డిగ్రీలు సరిపోతాయి. ఇవన్నీ ఒకే పైపు మీద వేస్తే కుదురుతుందా?

హీట్ పంప్ బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళలోకి ఎక్కిస్తుంది. ఫ్రిజ్ చేసే పనే ఇది, తిరగేసి. ఎంత పైకి ఎక్కించాలో అంత కరెంటు తింటుంది. 50 డిగ్రీల నీళ్ళకైతే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. 80 డిగ్రీలు కావాలంటే రెండు దాటడం కష్టం. ఒకే ట్యాంకును 80కి కాచి, తిరిగొచ్చిన చల్లటి నీళ్ళు కలిపి చాకి గదికి పంపితే, 35 డిగ్రీల నీళ్ళతో గడిచే గదికి కూడా 80 డిగ్రీల ఖర్చే పడుతుంది.

అందుకని ట్యాంకును 50 దగ్గరే ఉంచండి. తొట్లకు ఒక లైను. ఆ నీళ్ళు మురికవుతాయి కాబట్టి ట్యాంకు నీళ్ళతో కలవకుండా కాయిల్ ద్వారా కాచాలి. గదులకు వేరే లైన్లు, ఒక్కోదానికి మిక్సింగ్ వాల్వు, చిన్న మోటారు, పురుగుల తట్టల ఎత్తున థర్మోస్టాట్. గది అడిగితేనే దాని లైను తెరుచుకోవాలి. ఉడికించడానికి మటుకు బాయిలర్ వేరేగా ఉండనివ్వండి. దానికి పోసే నీళ్ళను ట్యాంకు వేడితో ముందే కాస్త కాచుకుంటే కట్టెలు అక్కడా మిగులుతాయి.

ఇన్ని వాల్వులకు ఖర్చు కాదా అంటారు. అవుతుంది. కానీ మార్గశిరం చలిలో ఒక్క రాత్రి గది చల్లబడితే పురుగులు ఆకు ముట్టవు, పంటంతా వెనకబడుతుంది. మన పెద్దోళ్ళకు ఈ లెక్క తెలుసు. చాకి గదికి బొగ్గుల కుంపటి, గూళ్ళకు వేరే పొయ్యి పెట్టుకున్నారు.

ఇంకో మాట. బాగేపల్లి నుంచి చింతామణి దాకా మన ఇళ్ళల్లో రాత్రిపూట పురుగుల్ని చూసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ప్రతి వాల్వు మీదా ఏ గదిదో తెలుగులోనో కన్నడలోనో రాయించండి. మెషీను అమ్మేవాణ్ణి ముందే అడగండి, "ఎన్ని లైన్లు, దేనికెంత వేడి?" అని. ఒకటే చాలన్నాడంటే అడ్వాన్సు ఇవ్వకండి.