ఎక్కడో మూసిన ఆకాశం, ఇక్కడ రద్దయిన విమానం

2025 నవంబర్ 23న ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో హేలీ గుబ్బి అగ్నిపర్వతం పేలింది. ఎగజిమ్మిన బూడిద ఎర్రసముద్రం దాటి, యెమెన్, ఒమన్‌ల మీదుగా అరేబియా సముద్రం పైకి వచ్చి, మర్నాటి రాత్రికి గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీల పైకి చేరింది. ఎయిర్ ఇండియా 24న దుబాయ్-హైదరాబాద్ సర్వీసును, 25న హైదరాబాద్-ఢిల్లీ, ముంబై-హైదరాబాద్, చెన్నై-ముంబై, ముంబై-కోల్‌కతా సర్వీసులను రద్దు చేసింది. మొదటిదానికి కారణం ఎవరికైనా తడుతుంది. చెన్నై నుంచి ముంబై వెళ్లవలసిన మనిషికి ఆఫ్రికా అగ్నిపర్వతంతో ఏం పని? పేలుడు తర్వాత కొన్ని ప్రాంతాల మీదుగా ఎగిరివచ్చిన విమానాలను ఆ సంస్థ ముందుజాగ్రత్తగా తనిఖీకి ఆపింది. అవి ఆగడంతో దేశంలోపలి సర్వీసులూ ఆగాయి.

ఆపడం తప్పు కాదు. బూడిదలోని సిలికా ఇంజిన్ వేడికి కరిగి, టర్బైన్ రెక్కలకు అంటుకుని గట్టిపడుతుంది. 1982లో జావా మీద గలుంగుంగ్ బూడిదలో చిక్కిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. భద్రత కోసం చేసిన రద్దును ఎవరూ తప్పుపట్టకూడదు. తేల్చుకోవలసింది వేరే ఉంది. ఆ రద్దు భారం ఎవరు మోయాలి?

విమానం ఒక ఊరికి కట్టుబడి ఉండదు. దేశీయ మార్గాల్లో తిరిగే ఏ320 తరహా విమానం రోజుకు ఐదారు ట్రిప్పులు వేస్తుంది. పొద్దున హైదరాబాద్‌లో లేచినది ఢిల్లీ వెళ్లి, అక్కడినుంచి విశాఖ వచ్చి, మళ్లీ మరోచోటికి పోతుంది. మొదటి ట్రిప్పు ఆగితే సాయంత్రం విశాఖలో నిలబడ్డవారికి విమానమే ఉండదు. పైలట్లకు, క్యాబిన్ సిబ్బందికి డ్యూటీ గంటల హద్దు ఉంది. గేటు దగ్గర ఎదురుచూపులోనే ఆ గంటలు గడిచిపోతే, విమానం సిద్ధంగా ఉన్నా దాన్ని నడిపేవారు ఉండరు. రద్దీ విమానాశ్రయాల్లో కేటాయించిన సమయం చేజారితే మళ్లీ దొరకడం కష్టం. గగనతలం మూసుకుంటే దారి పొడవవుతుంది. పాకిస్తాన్ 2025 ఏప్రిల్ 24న భారత విమానాలకు తన గగనతలాన్ని మూసినప్పుడు ఇండిగో ఢిల్లీ నుంచి అల్మాటీ, తాష్కెంట్ సర్వీసులను ఆపేసింది. చుట్టుదారిలో అంత దూరం ఆ చిన్న విమానాలకు అందదు. దూరం అందే పెద్ద విమానాలకైనా ప్రతి ట్రిప్పూ గంటల కొద్దీ పెరిగి, తర్వాతి ట్రిప్పు సమయాన్ని తినేస్తుంది.

గల్ఫ్ విషయంలో ఈ గొలుసు తెలుగు ఇళ్లకు నేరుగా తగులుతుంది. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరం అల్ ఉదీద్‌పై ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. ఖతార్, బహ్రెయిన్, కువైట్, యూఏఈ గగనతలాలు మూసుకున్నాయి. కొన్ని గంటలకే తెరుచుకున్నా రద్దులు, జాప్యాలు మర్నాడూ సాగాయి. దోహా, దుబాయ్ వంటి చోట్ల వందలాది విమానాలు వచ్చి, ప్రయాణికులు మారి, మళ్లీ బయల్దేరతాయి. ఆ కూడలి ఆగితే విమానాలన్నీ ఉండవలసిన చోట కాక మరోచోట ఉండిపోతాయి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కురిసిన వాన ఒక్కరోజుదే, విమానాశ్రయం కుదుటపడడానికి రోజులు పట్టింది. జగిత్యాల నుంచో కరీంనగర్ నుంచో వచ్చి శంషాబాద్‌లో నిలబడ్డ కార్మికుడికి ఆ రోజులు కేవలం ఆలస్యం కావు. వీసా గడువు, పనిలో చేరవలసిన తేదీ, అప్పు చేసి కొన్న టికెట్, అన్నీ ఆ రోజుల మీదే ఆధారపడి ఉంటాయి.

మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ముందుగా చెప్పకుండా సర్వీసు రద్దు చేస్తే ప్రయాణ కాలాన్ని బట్టి ₹5,000, ₹7,500, ₹10,000 లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినంత, ఏది తక్కువైతే అది పరిహారం. అయితే రాజకీయ అస్థిరత, ప్రకృతి వైపరీత్యం, ప్రభుత్వ ఉత్తర్వు, వాతావరణం వంటి కారణాలుంటే పరిహారం అక్కర్లేదు. జాప్యమైతే అలాంటి కారణాలకు భోజనం, బస కూడా ఇవ్వనక్కరలేదు. పరిహారం మినహాయింపు వరకు న్యాయమే. అన్నం మినహాయింపు న్యాయం కాదు. పైగా ఈ మినహాయింపు ఎన్నో ట్రిప్పు దాకా, ఎన్నో రోజు దాకా చెల్లుతుందో హద్దు గీయలేదు. ప్రయాణికుడి ఫోన్‌కు వచ్చే సందేశంలో ‘నిర్వహణ కారణాలు’ అన్న రెండు మాటలే ఉంటే, తన హక్కు ఏదో తేల్చుకునే దారి అతనికి లేదు.

కాబట్టి నిబంధన మారాలి. కారణం ఏదైనా సరే, ప్రయాణికుడు గమ్యం చేరేదాకా భోజనం, అవసరమైతే బస విమాన సంస్థ బాధ్యతగా ఉండాలి. అసలు కారణం ఏమిటో, ఆగిన విమానం అంతకుముందు ఎక్కడ చిక్కుకుందో రాతపూర్వకంగా చెప్పాలి. గొలుసులో తర్వాతి ట్రిప్పులకు మినహాయింపు కోరే సంస్థ, వేరే విమానాన్నీ సిబ్బందినీ సమకూర్చడానికి ఏం ప్రయత్నించిందో చూపాలి.

ఖర్చు పెరిగి టికెట్ ధర పెరుగుతుందని సంస్థలు అంటాయి. ఈ వాదన ఐరోపాలో పరీక్షకు వచ్చింది. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం వల్ల దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయి. పోర్చుగల్‌లోని ఫారోలో వారం చిక్కుకున్న ప్రయాణికురాలు తన ఖర్చుల కోసం ర్యాన్‌ఎయిర్‌పై వేసిన కేసులో ఐరోపా న్యాయస్థానం 2013 జనవరి 31న తీర్పు చెప్పింది. పరిహారం అక్కర్లేని విపత్తులోనూ ప్రయాణికుల బాగోగులు చూసే బాధ్యత పోదని, ఆ ఖర్చును సంస్థలు ముందే ఊహించి టికెట్ ధరలో కలుపుకోవచ్చని పేర్కొంది. అందరి టికెట్ మీదా పడే కొద్దిపాటి మొత్తం, ఒక్క కుటుంబం మీద ఒక్కసారిగా పడే వేలకన్నా మేలు. అదనపు విమానం ఉంచుకోవాలా, సిబ్బందిని ఎంతమందిని పెట్టుకోవాలా అనే నిర్ణయం సంస్థ చేతిలోనే ఉంది. ప్రయాణికుడి చేతిలో ఏదీ లేదు.

1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అన్న కొత్త చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పౌర విమానయాన శాఖ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. చట్టం మారినప్పుడు నిబంధనా మారాలి కాబట్టి, గల్ఫ్ కార్మిక సంఘాలు, ప్రయాణికుల సంఘాలు, రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ సవరణను ఆ శాఖ ముందు లిఖితపూర్వకంగా ఉంచాలి. ఈలోగా రద్దు ఎదురైన ప్రతి ప్రయాణికుడూ కారణాన్ని రాతలో అడగాలి, వచ్చిన సందేశాన్నీ భోజనం, బస రసీదులనూ దాచుకోవాలి, ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి.